పైథాన్ ఆబ్జెక్ట్‌లో ఏ మెథడ్లు ఉన్నాయో చూసుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి సమాధానాలు పైథాన్ 3 గురించి. ఫంక్షన్ల పేర్లు పలికేటట్టే తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. పేరుకి అటు రెండు ఇటు రెండు అండర్‌స్కోర్లు ఉంటే, అందరూ అనేటట్టే డండర్ అన్నాను. డండర్ డిక్ట్, డండర్ లెన్, అలా. ఆబ్జ్ అని ఉన్నచోట మీ ఆబ్జెక్ట్ పేరు పెట్టుకోండి.

ఎవరో రాసిన లైబ్రరీ నుంచి ఒక ఆబ్జెక్ట్ వచ్చింది, దాంతో ఏం చేయొచ్చో తెలియదు. ముందు ఏం కొట్టాలి?

చాలామంది డిర్ అంటారు, ఆబ్జెక్ట్‌లో ఉన్న పేర్లు చూపించే ఫంక్షన్ అది. నేను టైప్ అంటాను, అది ఏ రకం ఆబ్జెక్టో చెప్పేది. టైప్(ఆబ్జ్) అని కొట్టి చేతిలో ఉన్నది అసలేంటో తెలుసుకున్నాకే డిర్(ఆబ్జ్) దగ్గరికి వెళ్ళండి. ఎందుకంటే "ఈ మెథడ్ లేదంటోంది, ఏం చేయాలి" అని తల పట్టుకున్న చాలా సందర్భాల్లో మెథడ్ లేకపోవడం అసలు సమస్య కాదు, అది మనం అనుకున్న ఆబ్జెక్ట్ కాకపోవడం సమస్య. లిస్ట్ అనుకున్నది జనరేటర్ అయి ఉంటుంది, స్ట్రింగ్ అనుకున్నది బైట్స్ అయి ఉంటుంది. బైట్స్‌కి డీకోడ్ ఉంటుంది, ఎన్‌కోడ్ ఉండదు. స్ట్రింగ్‌కి సరిగ్గా తిరగేసి. డిర్ ఇచ్చే అంత పొడుగు జాబితాలో ఈ తేడా కంటికి ఆనదు, టైప్ ఒక్క ముక్కలో చెప్పేస్తుంది.

ఇక డిర్ విషయానికొస్తే, అది ఇచ్చేది పేర్ల లిస్ట్, అంతే. అందులో ఉన్నవన్నీ స్ట్రింగ్‌లు, మెథడ్లు కావు, కాబట్టి ఆ లిస్ట్‌లోంచి ఒకటి తీసి పక్కన బ్రాకెట్లు పెట్టేస్తే పని జరగదు. పేరు నుంచి అసలు మెథడ్‌ని తెచ్చుకోవాలంటే గెట్‌ఆటర్(ఆబ్జ్, పేరు) వాడాలి. బ్రాకెట్లలో ఏమీ ఇవ్వకుండా ఉత్తి డిర్() కొడితే ఆబ్జెక్ట్ సంగతి కాకుండా, మీరు ఇప్పుడున్న స్కోప్‌లో ఏ పేర్లు ఉన్నాయో చూపిస్తుంది. అదీ పనికొచ్చేదే, కానీ మీరడిగింది అది కాదు.

డిర్ కొడితే తెర నిండా అండర్‌స్కోర్ల పేర్లే వస్తున్నాయి. నాక్కావలసినవి ఎక్కడ?

చివర్లో. డిర్ పేర్లని వరసగా పేర్చి ఇస్తుంది, ఆ వరసలో పెద్దక్షరాలు ముందు, ఆ తర్వాత అండర్‌స్కోర్, ఆఖర్న చిన్నక్షరాలు వస్తాయి. అందుకే మామూలు మెథడ్లు ఎప్పుడూ జాబితా అడుగున ఉంటాయి. మధ్యలో ఉన్న డండర్లన్నీ పైథాన్ తన అవసరానికి పిలుచుకునేవి. మీరు లెన్(ఆబ్జ్) అంటే అది డండర్ లెన్‌ని వెతుకుతుంది, ప్లస్ గుర్తు పెడితే డండర్ యాడ్‌ని వెతుకుతుంది.

వాటిని తీసేయాలంటే ఈ ఒక్క లైను చాలు:

[పేరు ఫర్ పేరు ఇన్ డిర్(ఆబ్జ్) ఇఫ్ నాట్ పేరు.స్టార్ట్స్‌విత్('_')]

లిస్ట్ మీద దీన్ని నడిపితే 11 పేర్లు మిగులుతాయి: అపెండ్, క్లియర్, కాపీ, కౌంట్, ఎక్స్‌టెండ్, ఇండెక్స్, ఇన్‌సర్ట్, పాప్, రిమూవ్, రివర్స్, సార్ట్. టపుల్ మీద నడిపితే రెండే, కౌంట్, ఇండెక్స్. టపుల్‌ని మార్చలేం అని పుస్తకంలో చదివిన దానికంటే ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బాగా ఎక్కుతుంది.

అయితే డండర్లని ప్రతిసారీ పారేయకండి. ఆబ్జెక్ట్ మీద ఫర్ లూప్ తిరుగుతుందా అంటే డండర్ ఐటర్ ఉందా చూడాలి, విత్ స్టేట్‌మెంట్‌లో పెట్టొచ్చా అంటే డండర్ ఎంటర్, డండర్ ఎగ్జిట్ ఉన్నాయా చూడాలి. తెలియని ఆబ్జెక్ట్ గురించి ఎక్కువ సమాచారం ఇచ్చేవి ఒక్కోసారి అవే. ఒక్క చిక్కుంది: ఇలా వెనకాల తనంతట తాను పిలుచుకునే డండర్లని పైథాన్ క్లాస్‌లో వెతుకుతుంది గానీ ఆబ్జెక్ట్‌లో వెతకదు. అంటే ఒక ఆబ్జెక్ట్‌కి మీరు చేత్తో డండర్ లెన్ తగిలిస్తే డిర్‌లో కనబడుతుంది, లెన్ మాత్రం టైప్‌ఎర్రర్ ఇస్తుంది.

డిర్‌లో కనిపించేవన్నీ మెథడ్లేనా?

కాదు. డేటా కూడా ఉంటుంది. పేరూ, వయసూ లాంటి అట్రిబ్యూట్లు, ప్రాపర్టీలు (డేటాలా కనబడుతూ వెనకాల ఫంక్షన్ నడిపేవి), క్లాస్ లోపల పెట్టిన స్థిరమైన విలువలు అన్నీ కలిపే వస్తాయి. పిలవగలిగినవి మాత్రమే కావాలంటే ప్రతి పేరుకీ గెట్‌ఆటర్ చేసి, వచ్చినదాన్ని కాలబుల్‌కి ఇచ్చి చూడాలి. కాలబుల్ ట్రూ అన్నంత మాత్రాన మెథడ్ అని కాదు, అట్రిబ్యూట్‌లో ఒక క్లాస్‌ని దాచుకున్నా ట్రూ అనే అంటుంది. ఆ మాత్రం తేడా చాలాసార్లు పట్టించుకోనక్కర్లేదు.

ఇదే పనిని ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌మెంబర్స్ ఇంకాస్త శుభ్రంగా చేస్తుంది. పేరు, విలువ జంటలుగా ఇస్తుంది, రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇన్‌స్పెక్ట్.ఇజ్‌రొటీన్ ఇస్తే మెథడ్ లాంటివి మాత్రమే వడగట్టి ఇస్తుంది.

ఇజ్‌రొటీన్ ఎందుకు? ఇజ్‌మెథడ్ అని ఒకటుంది కదా, అది పెడితే నా లిస్ట్‌కి ఖాళీ వస్తోంది.

అందరూ ఒకసారైనా పడే గొయ్యి ఇది. ఇజ్‌మెథడ్ అనే పేరు చూసి అన్ని మెథడ్లకీ ట్రూ అంటుందనుకుంటాం, కానీ అది పైథాన్‌లో రాసిన మెథడ్ ఒక ఆబ్జెక్ట్‌కి అతుక్కుని ఉన్నప్పుడు మాత్రమే ట్రూ అంటుంది. లిస్ట్‌కున్న అపెండ్ సీ భాషలో రాసింది, దానికి ఇజ్‌బిల్టిన్ ట్రూ అంటుంది. మీరు రాసిన క్లాస్‌లోని మెథడ్‌నే ఆబ్జెక్ట్ ద్వారా కాకుండా క్లాస్ పేరు ద్వారా పట్టుకుంటే అది ఉత్త ఫంక్షన్, ఇజ్‌ఫంక్షన్ ట్రూ అంటుంది. స్టాటిక్ మెథడ్ కూడా అంతే, ఎలా పట్టుకున్నా ఫంక్షనే. క్లాస్‌మెథడ్ మాత్రం క్లాస్ పేరు నుంచి పట్టుకున్నా ఇజ్‌మెథడ్‌కి ట్రూ అవుతుంది, ఎందుకంటే అది క్లాస్‌కే అతుక్కుని ఉంటుంది. ఇన్ని రకాలు గుర్తుపెట్టుకునే ఓపిక లేకపోతే ఇజ్‌రొటీన్ వాడేయండి, ఇవన్నీ అందులో కలిసే ఉన్నాయి.

ఒక మెథడ్ ఉందో లేదో చూడటానికి హ్యాజ్‌ఆటర్ సరిపోదా?

పేరు ముందే తెలిస్తే సరిపోతుంది. కాకపోతే అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుని వాడండి. హ్యాజ్‌ఆటర్ జాబితాలో చూసి చెప్పదు, ఆ అట్రిబ్యూట్‌ని నిజంగా తెచ్చి చూస్తుంది, అట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తే ఫాల్స్ అంటుంది. దీనివల్ల ఒక దొంగ బగ్ పుడుతుంది: మీ ప్రాపర్టీ లోపల ఎక్కడో అక్షరం తప్పు రాసి దాని వల్ల అట్రిబ్యూట్‌ఎర్రర్ వచ్చిందనుకోండి, హ్యాజ్‌ఆటర్ తొణక్కుండా "ఆ ప్రాపర్టీయే లేదు" అంటుంది. కళ్ళ ముందు కోడ్‌లో ఉంటుంది, ప్రోగ్రాం లేదంటుంది. ఇలా జరిగితే హ్యాజ్‌ఆటర్ పక్కన పెట్టి నేరుగా ఆబ్జ్.పేరు అని కొట్టి అసలు ఎర్రర్ పూర్తిగా చదవండి. పైథాన్ 2లో ఇంకా ఘోరం, అక్కడ మామూలుగా వచ్చే ఏ ఎర్రర్‌నైనా మింగేసి ఫాల్స్ అనేది.

ఊరికే మెథడ్లు చూద్దామని లూప్ తిప్పితే ప్రోగ్రాం డేటాబేస్‌కి వెళ్ళి కూర్చుంది. నేను ఏమీ పిలవలేదే?

మీరు పిలవలేదు, గెట్‌ఆటర్ పిలిచింది. ప్రాపర్టీ అనేది చూడటానికి డేటాలా ఉంటుంది గానీ, దాన్ని తాకగానే వెనకాల ఒక ఫంక్షన్ నడుస్తుంది. డిర్ ఉత్త పేర్లే ఇస్తుంది కాబట్టి మామూలుగా దానివల్ల ఇబ్బంది రాదు, కానీ ఆ పేర్ల మీద గెట్‌ఆటర్ తిప్పినా, గెట్‌మెంబర్స్ కొట్టినా ఉన్న ప్రతి ప్రాపర్టీ ఒకసారి నడుస్తుంది. అందులో ఒకటి నెట్‌వర్క్‌కి వెళ్ళేదైతే వెళ్తుంది, ఒకటి వాల్యూఎర్రర్ ఇచ్చేదైతే గెట్‌మెంబర్స్ మొత్తం అక్కడే ఆగిపోతుంది, అట్రిబ్యూట్‌ఎర్రర్ తప్ప మిగతావాటిని అది పట్టుకోదు.

దీనికి మందు ఇన్‌స్పెక్ట్.గెట్‌ఆటర్_స్టాటిక్. ఇది ఏదీ నడపకుండా, లోపల దాచి ఉన్న వస్తువుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ప్రాపర్టీ ఉంటే దాని విలువ బదులు ప్రాపర్టీ ఆబ్జెక్టే చేతికొస్తుంది. పైథాన్ 3.11 నుంచి గెట్‌మెంబర్స్_స్టాటిక్ కూడా వచ్చింది, కాబట్టి ఆ వెర్షన్ ఉంటే లూప్ కూడా రాసుకోనక్కర్లేదు. లైవ్‌లో నడుస్తున్న సిస్టమ్ మీద డీబగ్ చేస్తున్నప్పుడైతే నేను ఈ స్టాటిక్ రకాలు తప్ప ఇంకోటి వాడొద్దంటాను.

డిర్‌లో ఆ పేరు లేదు. కానీ పిలిస్తే పనిచేస్తోంది. ఇదేం మాయ?

మూడు కారణాలు ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో కథ.

మొదటిది, ఎక్కువగా కనబడేది, డండర్ గెట్‌ఆటర్. మామూలుగా వెతికితే పేరు దొరకనప్పుడు పైథాన్ ఆ క్లాస్‌లో డండర్ గెట్‌ఆటర్ ఉందా అని చూసి, ఉంటే "ఈ పేరుతో ఏం ఇవ్వమంటావ్" అని దాన్ని అడుగుతుంది. అది ఏ పేరుకైనా అప్పటికప్పుడు ఒక మెథడ్ పుట్టించి ఇచ్చేయగలదు. ప్రామాణిక లైబ్రరీలోని ఎక్స్ఎంఎల్ఆర్‌పీసీ క్లయింట్‌లో సర్వర్‌ప్రాక్సీ అలాంటిదే, మీరు ఏ పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుని అవతలి సర్వర్‌కి పంపుతుంది, ఆ మెథడ్ ఉందో లేదో తేలేది అక్కడే. టెస్టుల్లో వాడే మాక్ ఆబ్జెక్ట్ కూడా దాదాపు ఏ పేరు అడిగినా ఉందంటుంది, హ్యాజ్‌ఆటర్‌కి కూడా ట్రూ అనే అంటుంది. అందుకే అక్షరం తప్పు రాసిన మెథడ్‌తో కూడా టెస్ట్ పాసైపోతుంటుంది. మాక్ చేసేటప్పుడు స్పెక్, అంటే ఏ క్లాస్‌ని అనుకరించాలో, ఇవ్వమని చెప్పేది ఇందుకే. ఇలాంటి ఆబ్జెక్ట్‌లకి పూర్తి జాబితా అనేదే ఉండదు, డాక్యుమెంటేషన్ చదవాల్సిందే.

రెండోది, మెటాక్లాస్, అంటే క్లాస్‌నే తయారుచేసే క్లాస్. డిర్(ఇంట్) కొట్టి ఎంఆర్ఓ (పైథాన్ క్లాస్‌లని వెతికే వరస చెప్పే మెథడ్) కోసం వెతకండి, ఉండదు. కానీ ఇంట్.ఎంఆర్ఓ() కొడితే చక్కగా జవాబిస్తుంది. అది ఇంట్‌కి కాకుండా, ఇంట్‌ని తయారుచేసిన టైప్‌కి చెందింది. డిర్‌కి ఒక క్లాస్‌ని ఇచ్చినప్పుడు మెటాక్లాస్ పేర్లు చూపించదు, అది కావాలనే అలా పెట్టారు.

మూడోది, ఆ క్లాస్ రాసినవాళ్ళు డండర్ డిర్ అనే మెథడ్ రాసి ఏం చూపించాలో తామే నిర్ణయించి ఉండొచ్చు. 3.7 నుంచి మాడ్యూళ్ళకి కూడా ఈ సౌకర్యం ఉంది. డిర్ అనేది ప్రాంప్ట్ దగ్గర కూర్చున్న మనిషికి సాయంగా పెట్టింది, ఆసక్తిగా ఉండే పేర్లు చూపిస్తుందే తప్ప అన్నీ చూపిస్తానని మాట ఇవ్వదని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

దానికి వ్యతిరేకం: డిర్‌లో ఉంది, పిలిస్తే ఎర్రర్.

పేరు ఉండటం వేరు, ఇప్పుడు పనిచేయడం వేరు. ఒక ఫైల్‌ని చదవడానికి మాత్రమే ఓపెన్ చేసి డిర్ కొట్టండి, రైట్ కనబడుతుంది. పిలిస్తే అన్‌సపోర్టెడ్‌ఆపరేషన్ అంటుంది. క్లాస్‌లో మెథడ్ ఉంది, ఈ ఆబ్జెక్ట్ ఉన్న స్థితిలో దానికి అర్థం లేదు. క్లోజ్ చేసేసిన ఫైల్‌కి రీడ్ కూడా అంతే. బేస్ క్లాస్‌లో పేరు మాత్రం పెట్టి లోపల నాట్‌ఇంప్లిమెంటెడ్‌ఎర్రర్ రాసి వదిలేసినవి ఇంకో రకం.

వార్స్‌కీ డిర్‌కీ తేడా ఏంటి?

వార్స్(ఆబ్జ్) ఆ ఆబ్జెక్ట్ సొంత డండర్ డిక్ట్‌ని ఇస్తుంది, అంటే ఆ ఒక్క ఆబ్జెక్ట్‌లో దాచిన డేటా, విలువలతో సహా. మెథడ్లు క్లాస్‌లో ఉంటాయి కాబట్టి అందులో కనబడవు. మెథడ్లు కావాలంటే వార్స్(టైప్(ఆబ్జ్)) కొట్టండి, ఆ క్లాస్ స్వయంగా నిర్వచించినవి వస్తాయి, పైనుంచి వారసత్వంగా వచ్చినవి రావు. అంకెలకీ, లిస్ట్‌లకీ, డండర్ స్లాట్స్ పెట్టి ఏ అట్రిబ్యూట్లు ఉండాలో ముందే రాసిన చాలా క్లాస్‌ల ఆబ్జెక్ట్‌లకీ సొంత డిక్ట్ ఉండదు, వాటి మీద వార్స్ కొడితే టైప్‌ఎర్రర్ వస్తుంది. కంగారు పడక్కర్లేదు.

ఈ మెథడ్ ఏ క్లాస్ నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది?

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే. పెద్ద ఫ్రేమ్‌వర్క్‌లలో ఒక క్లాస్ వెనకాల అయిదారు మిక్సిన్‌లు (మెథడ్లు అరువిచ్చే చిన్న క్లాస్‌లు) ఉంటాయి, సేవ్ అనే మెథడ్ ఉందని తెలిస్తే ఏం లాభం, నడిచేది ఎవరి సేవ్ అన్నది తెలియాలి.

టైప్(ఆబ్జ్).డండర్ ఎంఆర్ఓ అనేది పైథాన్ ఏ వరసలో క్లాస్‌లని వెతుకుతుందో చెప్పే టపుల్. దాని మీద లూప్ తిప్పుతూ, ప్రతి క్లాస్‌కీ వార్స్(క్లాస్)లో ఆ పేరు ఉందా అని చూడండి. మొదట ఎక్కడ దొరికితే నడిచేది అదే, ఆ తర్వాత దొరికినవన్నీ దాని కింద మరుగున పడ్డవి. నేనైతే మొదటిది దొరకగానే ఆపకుండా అన్నీ ప్రింట్ చేస్తాను, సూపర్ (వరసలో తర్వాతి క్లాస్ మెథడ్‌ని పిలిచేది) పిలిచినప్పుడు ఎటు వెళ్తుందో కూడా అప్పుడే తెలిసిపోతుంది. చిన్న ఉదాహరణకి బూల్ తీసుకోండి. దాని ఎంఆర్ఓ బూల్, ఇంట్, ఆబ్జెక్ట్. ట్రూకి బిట్_లెంగ్త్ ఉంది, వెతికితే ఇంట్‌లో దొరుకుతుంది.

పిల్ల క్లాస్ కొత్తగా ఏం తెచ్చిందో చూడటానికి రెండు డిర్‌లని సెట్‌లుగా మార్చి ఒకదాన్నుంచి ఇంకోటి తీసేసే పద్ధతి ఉంది. బాగానే ఉంటుంది, కాకపోతే పేరు మార్చకుండా తిరగరాసిన మెథడ్లు ఆ తీసివేతలో మాయమైపోతాయి. అసలు గొడవంతా వాటితోనే కదా.

రెండు అండర్‌స్కోర్లతో మొదలుపెట్టి ఒక మెథడ్ రాశాను. డిర్‌లో కనబడట్లేదు.

ఉంది, పేరు మారింది. క్లాస్ లోపల వెనక అండర్‌స్కోర్లు లేకుండా ముందు మాత్రం రెండు పెడితే, పైథాన్ దానికి ముందు ఒక అండర్‌స్కోరూ క్లాస్ పేరూ చేరుస్తుంది. ఖాతా అనే క్లాస్‌లో __లెక్క అని రాస్తే డిర్‌లో _ఖాతా__లెక్క అని ఉంటుంది.

పేరు దొరికింది. ఏ ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి?

హెల్ప్(ఆబ్జ్.పేరు) కొట్టండి, బయటికి రావడానికి క్యూ నొక్కండి. ఆర్గ్యుమెంట్ల జాబితాలో ఏటవాలు గీత కనబడితే దానికి ముందున్నవాటిని పేరు పెట్టి ఇవ్వకూడదని, నక్షత్రం కనబడితే దాని తర్వాతవాటిని పేరు పెట్టే ఇవ్వాలని అర్థం. ఒక జాగ్రత్త, చేతిలో ఉన్నది స్ట్రింగ్ అయితే హెల్ప్‌కి దాన్ని నేరుగా ఇవ్వకండి, ఆ స్ట్రింగ్‌లో ఉన్న మాటనే ఒక అంశం పేరు అనుకుని దానికోసం వెతుకుతుంది. హెల్ప్(ఎస్‌టీఆర్) అని టైప్ పేరు ఇవ్వండి.

ప్రోగ్రాం లోంచి తెలుసుకోవాలంటే ఇన్‌స్పెక్ట్.సిగ్నేచర్ ఉంది. సీలో రాసిన కొన్ని ఫంక్షన్లకి మాత్రం వాల్యూఎర్రర్ ఇస్తుంది. లోపలి కోడే చూడాలనిపిస్తే ఇన్‌స్పెక్ట్.గెట్‌సోర్స్, ఇదీ పైథాన్‌లో రాసినవాటికే. ఐపైథాన్ లేదా జూపిటర్‌లో ఉంటే పేరు చివర ఒక ప్రశ్నార్థకం పెడితే డాక్యుమెంటేషన్, రెండు పెడితే దొరికినంత మేర సోర్స్ కూడా వస్తాయి, ఆ సుఖానికి అలవాటుపడితే మామూలు ప్రాంప్ట్‌కి రాబుద్ధి కాదు.

"నన్‌టైప్ ఆబ్జెక్ట్‌కి ఆ అట్రిబ్యూట్ లేదు" అంటోంది. డిర్‌తో చూడనా?

చూడకండి, దండగ. మీ చేతిలో ఉన్నది నన్, అంటే ఏమీ లేదని చెప్పే విలువ, దానికి మీకు పనికొచ్చే మెథడ్లేవీ ఉండవు. అంతకు ముందు లైనుకి వెళ్ళండి. లిస్ట్.సార్ట్() ఫలితాన్ని వేరియబుల్‌లో పెట్టుకున్నారా? అది ఉన్న లిస్ట్‌నే సర్ది నన్ ఇస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో మ్యాచ్ దొరకలేదా? డిక్షనరీలో గెట్ చేసిన కీ లేదా? మీ ఫంక్షన్‌లో ఏదో ఒక దారిలో రిటర్న్ రాయడం మర్చిపోయారా?

మామూలు అక్షరదోషమైతే పైథాన్ 3.10 నుంచి "ఇదేనా మీరన్నది" అని దగ్గర పేరు అదే సూచిస్తోంది.

నా సిస్టంలో ఉన్న మెథడ్ సర్వర్‌లో లేదంటోంది.

వెర్షన్ తేడా. స్ట్రింగ్‌కి రిమూవ్‌ప్రిఫిక్స్, రిమూవ్‌సఫిక్స్ 3.9లో వచ్చాయి, అంకెలకి బిట్_కౌంట్ 3.10లో. పోయినవీ ఉన్నాయి, డిక్షనరీకి హ్యాజ్_కీ పైథాన్ 3తోనే పోయింది. కాలబుల్ అయితే మరీ విచిత్రం, 3.0లో తీసేసి 3.2లో మళ్ళీ తెచ్చారు. రెండు వెర్షన్లలోనూ నడవాల్సిన కోడ్ అయితే వెర్షన్ నంబరు పోల్చడం కంటే హ్యాజ్‌ఆటర్(ఎస్‌టీఆర్, 'రిమూవ్‌ప్రిఫిక్స్') అని అడగడం మేలు.

ఎడిటర్‌లో చుక్క పెట్టగానే అన్నీ చూపిస్తుంది కదా, ఇదంతా ఎందుకు?

రోజువారీ పనికి ఎడిటరే చాలు. కానీ ఎడిటర్ మామూలుగా కోడ్ నడపదు, చదివి ఊహిస్తుంది. టైప్ హింట్లు ఉన్నచోట ఊహ బాగుంటుంది, జేసన్ లోంచి వచ్చినదానికో, రన్ అవుతుండగా మెథడ్లు తగిలించే లైబ్రరీకో వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. డిర్ నడుస్తున్న అసలు ఆబ్జెక్ట్‌ని చూసి చెబుతుంది. డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగి డిర్ కొట్టడంలో ఉన్న లాభం అదే. మామూలు పైథాన్ ప్రాంప్ట్‌లో కూడా, రీడ్‌లైన్ ఉన్న సిస్టంలలో, 3.4 నుంచి ట్యాబ్ నొక్కితే పేర్లు వస్తాయి.

వేరే భాషల్లో దీనికి సమానమైనవి?

రూబీలో ఆబ్జ్.మెథడ్స్, దాన్నుంచి ఆబ్జెక్ట్.ఇన్‌స్టెన్స్_మెథడ్స్ తీసేస్తే పనికొచ్చేవి మిగులుతాయి. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ఓనర్, సోర్స్_లొకేషన్ అక్కడ సిద్ధంగా ఉన్నాయి, ఈ విషయంలో రూబీ పైథాన్ కంటే ఒక మెట్టు పైనే. జావాస్క్రిప్ట్‌లో క్లాస్ మెథడ్లు ఫర్-ఇన్ లూప్‌కి కనబడవు, గెట్‌ఓన్‌ప్రాపర్టీనేమ్స్ వాడుతూ ప్రోటోటైప్ గొలుసులో ఒక్కో మెట్టూ మీరే ఎక్కాలి. పవర్‌షెల్‌లో గెట్-మెంబర్, దానికి అరేని పైప్ చేస్తే అరే సంగతి కాకుండా లోపలి వస్తువుల సంగతి చెబుతుంది, అరే గురించే కావాలంటే ఇన్‌పుట్‌ఆబ్జెక్ట్ అనే పారామీటర్‌తో ఇవ్వాలి.

డిర్‌తో పేర్లు తెచ్చి ప్రోగ్రాంలోనే మెథడ్లు పిలవొచ్చా, లేక ఇది ప్రాంప్ట్ దగ్గరికేనా?

పిలవొచ్చు, పైథాన్ సొంత లైబ్రరీయే ఆ పని చేస్తుంది. యూనిట్‌టెస్ట్ మీ క్లాస్ మీద డిర్ తిప్పి, టెస్ట్ అని మొదలయ్యే పేర్లలో పిలవగలిగినవాటిని ఏరుకుంటుంది, ఆ పేర్లని తనే అక్షర క్రమంలో పేర్చి నడుపుతుంది. కమాండ్లు తీసుకునే ప్రోగ్రాంలు రాయడానికి ఉన్న సీఎండీ మాడ్యూల్‌లో డూ_ అని మొదలయ్యే ప్రతి మెథడూ ఒక కమాండ్ అవుతుంది.

రెండింటిలోనూ గమనించాల్సింది ఆ ముందు మాట, టెస్ట్, డూ_. అది లేకుండా బయటినుంచి వచ్చిన పేరుని, అంటే యూజర్ టైప్ చేసిందో వెబ్ రిక్వెస్ట్‌లో వచ్చిందో, తిన్నగా గెట్‌ఆటర్‌కి ఇచ్చి పిలిచేస్తే, మీరు చూపించాలనుకున్న మూడు మెథడ్లే కాదు, డిలీట్ కూడా, డండర్ క్లాస్ మీదుగా ఇంకా లోపలికి వెళ్ళే దారులు కూడా వాళ్ళ చేతికిచ్చినట్టే. ముందు మాట పెట్టండి, లేదా అనుమతించిన పేర్లని ఒక డిక్షనరీలో రాసుకుని అందులో ఉంటేనే పిలవండి.